సంచార రంపయంత్రముల బ్లేడులు: అరుగుదల, భంగము, పునరుద్ధరణము

నేలకొరిగిన వృక్షమును బండ్లకెత్తి మిల్లునకు చేర్చుటకు బదులు, మిల్లునే వృక్షము కడకు నడిపించుకొనిపోయి, అచ్చటనే దుంగను దూలములుగను, వాసములుగను, పలకలుగను కోసియిచ్చు యంత్రమునకు సంచార రంపయంత్రమని పేరు. వాహనము వెనుక తగిలించి ఈడ్చుకొనిపోదగిన చట్రము, దుంగను కదలనీయక పట్టియుంచు కొక్కెములు, రంపమును మోయుచు చట్రము పొడవునను ముందువెనుకలకు నడచు బండి, ఆ రంపమును త్రిప్పు ఇంజనో మోటారో దీని ముఖ్యాంగములు. ఉత్తర అమెరికాలోను, ఐరోపాలోను, ఆస్ట్రేలియా న్యూజిలాండులలోను సొంత తోపులు గల రైతులును, చిన్న కలప వర్తకులును, గాలివానలకు కూలిన చెట్లను వంటచెఱకు కానీయక పలకలుగా మార్చు పనివారును దీనిని విరివిగా వాడుచున్నారు.

ఇన్ని అంగములలో కలపను తాకునది ఒక్క బ్లేడు మాత్రమే. చట్రము దశాబ్దముల తరబడి నిలుచును. ఇంజను ఏండ్ల తరబడి పనిచేయును. బ్లేడు ఆయుస్సును మాత్రము గంటలలో లెక్కింపవలసియున్నది. శుభ్రమైన దుంగలలో సైతము ఒకటి రెండు గంటలు కోసిన పిమ్మట దానిని దించి సానకు పంపుట మంచి పనివారి ఆచారము. అందుచేత ఈ యంత్రమును కొనుట సులభము, నడుపుట కొంత కష్టము, బ్లేడులను కాపాడుకొనుట నిజమైన విద్య. ఈ విద్యలో పలువురు గ్రహింపని రహస్యమొకటి కలదు. బ్లేడు మరణము పంటి మొనలో సంభవింపదు. రెండు పండ్ల నడుమనున్న గుంటలో సంభవించును. మొనను మాత్రము చూచి సాన పట్టువానికి బ్లేడు పదును దక్కును గాని బ్లేడు దక్కదు.

సంచార యంత్రములు మూడు తెగలు. చివరలు కలిపిన ఉక్కుపట్టీని రెండు చక్రములపై త్రిప్పి కోయునది మొదటిది. దీనిని మన మిల్లులలో బ్యాండ్ సా అందురు. గుండ్రని రంపమును ఒకమారు అడ్డముగను, ఒకమారు నిలువుగను వాల్చి కోయునది రెండవది; ఇది ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో వృద్ధిపొందినది. గొలుసురంపమునకు చట్రము తగిలించి దుంగపై నడుపునది మూడవది. మొదటి తెగయే నేడు అధిక ప్రచారమందున్నది గనుక ఈ వ్యాసమున దానికే పెద్దపీట వేయబడినది.

పట్టీరంపపు చరిత్రయే ఒక విధముగా విరిగిన బ్లేడుల చరిత్ర. 1808 లో లండనునందు విలియం న్యూబెరీ అను నాతడు ఇట్టి రంపమునకు పేటెంటు పొందెను. ఊహ చక్కనిదే గాని, పట్టీ చివరలను కలుపు అతుకు చక్రముల మీద మాటిమాటికి వంగి నిటారగు శ్రమకు ఓర్వలేక తెగిపోవుచుండుటచే ఆ యంత్రము దాదాపు నలువది ఏండ్లు అక్కరకు రాలేదు. 1846 లో ఫ్రాన్సు దేశపు వనిత ఆన్ పోలిన్ క్రెపాఁ అతుకు వేయు నూతన విధానమునకు పేటెంటు పొందగా, ప్యారిస్ నందలి పెరాఁ సంస్థ ఆ హక్కును కొని, మేలైన ఉక్కును దానికి జోడించి, యంత్రమును వాడుకలోనికి తెచ్చెను. పిమ్మట అమెరికా మిల్లులలో ఈ పట్టీ క్రమముగా వెడల్పై మహావృక్షములను కోయు రంపమాయెను. దానినే మరల సన్నగించి, తేలికపరచి, చక్రములపై నెక్కించి ఊరూర త్రిప్పవచ్చునను ఆలోచన 20 వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫలించినది. 1982 లో ఇండియానాపోలిస్ నగరమున నెలకొన్న వుడ్‌మైజర్ సంస్థ ఈ తరగతి యంత్రములను లోకమునకు పరిచయము చేసిన వారిలో ముఖ్యమైనది.

సన్నని పట్టీ వలని లాభమేమో ముందుగా తెలిసికొనినగాని దానిని కాపాడుటకు ఇంత శ్రమ యేల పడవలెనో బోధపడదు. సంచార యంత్రములందు వాడుకలోనున్న పట్టీ సాధారణముగా 32 లేక 38 మి.మీ. వెడల్పును, 1.07 మి.మీ. మొదలు 1.4 మి.మీ. వఱకు మందమును, పంటికి పంటికి నడుమ 22 మి.మీ. ఎడమును కలిగియుండును. పండ్లను కుడికొకటి ఎడమకొకటిగా ఇంచుక ప్రక్కలకు వంచుటచే కోతసందు బ్లేడు మందము కంటె ఎక్కువై, సుమారు 2 మి.మీ. అగును. గుండ్రని రంపము తినివేయు సందు 5, 6 మి.మీ. ఉండును. ఒక దుంగలో పది కోతలు కోసినచో గుండ్రని రంపము 60 మి.మీ. కలపను పొట్టు చేయగా, పట్టీరంపము 20 మి.మీ. తోడనే సరిపెట్టును. అనగా అంగుళపు పలక ఒకటిన్నర మిగులును. ఆ మిగులు కొఱకే ఉక్కును ఇంత పలుచన చేసినారు; ఆ పలుచదనమునకు మూల్యముగా దానికి నిత్యపరిచర్య చేయవలసివచ్చినది.

పన్ను అరుగుటకు కలప కాఠిన్యమే కారణమని సామాన్యుల యభిప్రాయము. అది కొంతవఱకే నిజము. స్వచ్ఛమైన కలప ఎంత గట్టిదైనను ఉక్కును మెల్లగనే అరగదీయును. ఉక్కుకు అసలు శత్రువు ఇసుక. దుంగను నేలపై ఈడ్చినపుడు బెరడు పగుళ్ళలో దూరిన మట్టియు, గాలికి చేరిన దుమ్మును, ఏటిగట్టు చెట్ల మొదళ్ళలో వరద నింపిన ఒండ్రును ఒకే కోతలో పంటి మొనను మొద్దుచేయగలవు. కావుననే మేలైన యంత్రములలో బ్లేడునకు ముందు నడచి, బ్లేడు ప్రవేశించుచోట బెరడును గీసివేయు చిన్న చక్రమొకటి అమర్తురు. అది లేనివారు గొడ్డలితో బెరడు చెక్కుటయో, నీటితో దుంగను కడుగుటయో చేయవలెను. ఈ అర్ధగంట శ్రమ సానవద్ద పలుమార్లు కలిసివచ్చును. కొన్ని వృక్షములు తమ దేహముననే ఇసుకసారమును దాచుకొనియుండును. టేకు కలపలో సిలికా ఉండుటచేతనే మన వడ్రంగుల చిత్రికలు ఇతర కలపలలో కంటె దానిలో శీఘ్రముగ పదును కోల్పోవును. కొబ్బరి కాండపు వెలుపలి భాగము సైతము ఉక్కుపండ్లను తొందరగా తినివేయును.

మొద్దుబారిన బ్లేడును గుర్తించుటకు పరికరములు అక్కరలేదు. కన్ను, చెవి, చేయి చాలును. పంటి మొనను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. నిజముగా పదునైన అంచు వెలుతురును ప్రతిఫలింపదు. అరిగిన అంచు మీద సన్నని తెల్లని మెఱపు కనబడును. రంపము విడుచు పొట్టు పదునుగానున్నపుడు పలుకు పలుకుగా రాలును. పదును తగ్గిన కొలది పిండివలె మెత్తనగును. బండిని ముందుకు త్రోయుటకు బలము హెచ్చుగా కావలసివచ్చును, ఇంజను మూల్గును, కోసిన పలక మీద నూగు లేచును, ముడి తగిలినపుడు బ్లేడు దానిని చీల్చుకొని పోలేక పైకి లేచుటయో క్రిందికి దిగుటయో జరిగి పలక అలలు దేరును. తెలుగువారు ఎడతెగని వేదనకు రంపపు కోత యని పేరు పెట్టినారు. ఆ మాట పుట్టించిన రంపము పదును చెడిన రంపమే యైయుండవలెను, ఏలయన పదునైన రంపము కోసినది కలపకే తెలియదు.

అలలు దేరుటకు మొద్దుతనమొక్కటే హేతువు కాదు. బిగువు చాలకపోవుట, పండ్ల వంపు తగ్గుట, బ్లేడు శక్తికి మించిన వేగముతో బండిని త్రోయుట, పైన్ జాతి వృక్షముల జిగురు బ్లేడునకు అంటి గడ్డకట్టుట కూడ హేతువులే. ఇవన్నియు తుదకు వేడిమి దగ్గఱ కలిసికొనును. నాలుగు మీటర్ల పట్టీ 40 సెంటిగ్రేడు డిగ్రీలు వేడెక్కినచో సుమారు 2 మి.మీ. పొడవు సాగును. అంత సాగుటతోనే చక్రముల నడుమ దాని బిగువు సడలి, బ్లేడు దారి తప్పును. దారి తప్పిన బ్లేడు కలపను మఱింత ఒరసికొని మఱింత వేడెక్కును. అందుచే బ్లేడుపై సన్నని నీటిధారను విడుచు ఏర్పాటు ఉండును. జిగురు కలపలకు నీటిలో గిన్నెలు తోము ద్రవసబ్బు కొంచెము కలుపుదురు. కొందఱు డీజిలును వాడుదురు గాని, అది పలకకు వాసన పట్టించి, నేలను చెఱచునట్టిది గనుక సబ్బునీటితో సాగు పనికి దానిని వాడుట తగదని మా యభిప్రాయము.

ఇక బ్లేడు విరుగుటను గుఱించి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఉక్కుముక్కను ఒకమారు వంచిన విరుగదు. దాని బలమునకు లోబడిన ఒత్తిడినే లక్షల మారులు కలిగించినచో విరుగును. దీనిని లోహశ్రాంతి యందురు. 19 వ శతాబ్దపు నడుమ జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలుబండ్ల ఇరుసులు ఏల విరుగుచున్నవో పరీక్షించి, ఈ శాస్త్రమునకు పునాది వేసెను. మన పట్టీకి ఆ లెక్కను అన్వయించి చూతము. సంచార యంత్రపు చక్రము వ్యాసము సాధారణముగా 48 సెం.మీ. ఉండును. 1.07 మి.మీ. మందము గల పట్టీ అంత చిన్న చక్రమును చుట్టుకొనునపుడు దాని వెలుపలి పొరలో చదరపు మిల్లీమీటరునకు సుమారు 450 న్యూటన్ల ఒత్తిడి కలుగును. 1.4 మి.మీ. పట్టీలో అదియే దాదాపు 600 న్యూటన్లగును. బిగువు వలని లాగుడు దీనికి అదనము. పట్టీ సెకనునకు సుమారు 25 మీటర్ల వేగముతో పరుగిడును గనుక, నాలుగు మీటర్ల పట్టీ సెకనునకు ఆరు మారులకు పైగా చుట్టివచ్చును. ప్రతి చుట్టులోను రెండు చక్రములమీద రెండు మారులు వంగును. గంటకు సుమారు 45,000 వంపులు! మందమైన బ్లేడు బలమైనది గావున ఎక్కువ కాలము మన్నునని భావించి కొనువారు చిన్న చక్రములపై అది త్వరగా విరుగుట చూచి ఆశ్చర్యపడుదురు. లెక్కను చూచినచో ఆశ్చర్యమునకు తావులేదు.

ఈ వంపుల భారమంతయు సమానముగ పంచబడక, ఆకారము హఠాత్తుగ మాఱుచోట్ల గుమిగూడును. బ్లేడులో అట్టి తావు పంటిగుంట. గుంట అడుగున కంటికి కానరాని పగులు మొదట పుట్టును. గంట గంటకును వెంట్రుకవాసి చొప్పున పెరిగి, ఒకనాడు వెడల్పునంతయు చీల్చుకొనిపోవును. గుంట నునుపుగా, గుండ్రముగా ఉన్నంతకాలము పగులు పుట్టుట ఆలస్యమగును. ఆ గుంటలో గీత, గంటు, సానరాయి మిగిల్చిన సన్నని నూగు, మాడిన మచ్చ, ఏది యున్నను పగులునకు అదియే పురిటిల్లు. కావున సాన పట్టుటయనగా మొనను పదును చేయుట మాత్రమే కాదు. గుంట చుట్టును శ్రమపడి అలసిన లోహపు పై పొరను పలుచగా తీసివేసి, పుట్టీపుట్టని పగుళ్ళను ఆదిలోనే తుడిచివేయుట. బ్లేడును సకాలమున దింపి, గుంటతో సహా సాన పట్టినవాడు దానికి క్రొత్త చర్మము నిచ్చుచున్నాడు. ఇంకొక గంట లాగుదమని మొద్దుబ్లేడును నడిపినవాడు, దానిని మఱింత బలముతో త్రోసి, మఱింత వేడెక్కించి, పగులును సాన అందుకొనలేనంత లోతునకు దింపుచున్నాడు.

బ్లేడునకు ఒకదినము విశ్రాంతి యిచ్చినచో ఉక్కు తేరుకొనునని పనివారిలో ఒక నమ్మకము కలదు. సాధారణపు వేడిమిలో ఉక్కులోని పగులు తనంతట తాను మానదు. ఆ నమ్మకము వెనుకనున్న ఆచారము మాత్రము మంచిది. పని ముగియగానే బిగువును సడలింపవలెను. వేడిమీదనున్న బ్లేడును బిగువుగనే వదలినచో అది చల్లారి పొట్టియగుచు తన్ను తానే లాగుకొని, చక్రముల బేరింగులను కూడ శ్రమపెట్టును.

అరుగుదల క్రమముగ వచ్చునది. దెబ్బ హఠాత్తుగ తగులునది. దెబ్బలలో ప్రథమస్థానము కలపలో దాగిన ఇనుమునకు చెందును. కంచెతీగకు ఆధారముగా కొట్టిన సీల, ఊయల వ్రేలాడదీసిన కొక్కెము, చిరునామా పలకకు దిగవేసిన మేకు, ఇవన్నియు ఏండ్లు గడచిన కొలది కాండములోపలికి దిగిపోవును. పైన బెరడు మూసికొనును. ఇండ్ల చెంత, బాటల ప్రక్క పెరిగిన చెట్లు ఈ విషయమున అడవిచెట్ల కంటె అపాయకరములు. దుంగ కొస యందు నీలిఛాయ గల నల్లని మరక కనబడినచో లోపల ఇనుమున్నదని అనుమానింపవలెను. ఓక్, తుమ్మ వంటి కలపలలోని టానిన్ ఇనుముతో కూడి ఈ నలుపు పుట్టించును. మన పెద్దలు కరక్కాయ రసములో అన్నభేది కలిపి సిరా చేసికొనినదియు ఈ రసాయన ధర్మముచేతనే. మరక లేనిచోట లోహశోధక యంత్రమును దుంగ పొడవునను నడిపి చూచుట ఉత్తమము. అనుమానపు దుంగలను దినాంతమున, ఎటులైనను సానకు పోవలసిన బ్లేడుతో కోయుట వివేకవంతుల పద్ధతి.

మేకు తగిలిన బ్లేడును వెంటనే దించి పరీక్షింపవలెను. కొన్ని పండ్ల మూలలు మాత్రము నలిగినచో లోతుగా సాన పట్టి సరిచేయవచ్చును. దెబ్బ ఒక్క ప్రక్కనే తగిలి, కుడిపండ్లు మొద్దై ఎడమపండ్లు పదునుగా నున్నచో, బ్లేడు పదునైన ప్రక్కకే ఒరగి, తిన్నని కోతను ఎంత ప్రయత్నించినను ఈయదు. రెండు ప్రక్కలను సమానమగువఱకు సాన పట్టుట తప్ప మార్గము లేదు. దాదాపు 180 పండ్లు గల బ్లేడులో రెండు మూడు పండ్లు వేఱువేఱు చోట్ల ఊడినంత మాత్రమున దానిని పాఱవేయ నక్కరలేదు. ఊడినచోట గుంట ఆకారమును నునుపు చేసి వాడుకొనవచ్చును. వరుసగా నాలుగైదు పండ్లు పోయిన బ్లేడు మాత్రము ప్రతి చుట్టునను ఆ ఖాళీ తావున కలపను కొట్టుకొని అదరును. అట్టిదానిని పొదుపు పేరిట వాడుట కలపకును మనిషికిని క్షేమము కాదు.

సాన పట్టుటకు నేడు ఉత్తమసాధనము క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ పూత గల చక్రము. వజ్రమును మించిన గట్టిదనము దీనికి లేదు గాని, ఉక్కు పనికి వజ్రము తగదు. రాపిడి వేడికి వజ్రములోని కార్బను ఇనుములో కరగి వజ్రము శీఘ్రముగ నశించును. 1957 లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో రాబర్ట్ వెంటార్ఫ్ సృష్టించిన ఈ పదార్థమునకు ఆ దోషము లేదు. చక్రపు అంచునే పంటి ముఖము, గుంట, వెన్ను ఆకారములకు సరిపోవునట్లు చెక్కియుంతురు గనుక ఒక్కొక్క పన్నునకు అది మూసలో పోసినట్లు దిగి, గుంటనంతయు ఏకకాలమున ఒరయును. పైన నూనె ధారగా పడుచు చల్లబఱచుచుండును. పంటి ముందువాలు సాధారణపు కలపకు 10 డిగ్రీలు. గట్టికలపలకును, శీతల దేశములలో గడ్డకట్టిన దుంగలకును 7 లేక 4 డిగ్రీలకు తగ్గింతురు. సాధారణపు సానరాయి వాడువారు త్వరపడి ఒక్క వరుసలో ఎక్కువ లోహమును తీయబోయినచో పంటిగుంట నీలముగ మాడును. ఆ మచ్చ కేవలము రంగు కాదు. అచ్చటి ఉక్కు స్వభావము మాఱి పెళుసైపోయినదని అర్థము. రెండు మూడు తేలిక వరుసలు ఒక్క బరువు వరుస కంటె మేలు. చేతి ఆకురాయితో మొనలను మాత్రము దిద్దుట అడవిలో అక్కరకు వచ్చు ఆపద్ధర్మమే గాని నిత్యవిధి కారాదు.

సాన పట్టిన కొలది పంటి వంపును తగ్గును. వంపు తగ్గినచో బ్లేడు వీపు కలపకు ఒరసికొని వేడెక్కును. హెచ్చినచో సందులో పొట్టు నిలువక, పలకపై గీతలు పడును. ఒక్కొక్క ప్రక్కకు 0.45 మొదలు 0.6 మి.మీ. వఱకు వంపు వాడుకలో నున్నది. మెత్తని, తడికలపలకు ఎక్కువ, గట్టి, ఎండుకలపలకు తక్కువ. వంచునపుడు పంటి పైభాగమును మాత్రమే వంచవలెను. గుంట వఱకు వంచినచో మనము ఇంతదాక కాపాడవలెనని చెప్పుచు వచ్చిన తావుననే పగులును చేతులారా పుట్టించినట్లగును. కుడియెడమల వంపు వెంట్రుకవాసి తేడా లేక సమముగా నుండవలెను గనుక ముల్లుగడియారము వంటి కొలతపరికరముతో ప్రతి పంటిని చూచుట తప్పనిసరి. ముందు వంచి పిమ్మట సాన పట్టుట మేలని మా మతము. ఏలయన వంచు పనిముట్టు మొనను నొక్కి కొంత చెఱచును, సాన దానిని సరిదిద్దును.

విరిగిన బ్లేడును అతుకుట సాధ్యమే. చివరలను నిక్కముగ చదరముగా కోసి, పంటి ఎడము తప్పకుండ కలిపి, విద్యుత్తుతో కాచి యొత్తి అతుకుదురు. అప్పటికప్పుడు చల్లారిన అతుకు గాజువలె పెళుసుగా నుండును. దానిని మరల మితముగ కాచి మెల్లగ చల్లార్చి, పొంగిన లోహమును ఒరసి నునుపు చేసినగాని చక్రముపై వంగదు. అయితే అతుకవచ్చునా యను ప్రశ్న కంటె అతుకదగునా యను ప్రశ్న ముఖ్యము. పాత అతుకు వద్దనే తెగిన క్రొత్త బ్లేడును, మేకు దెబ్బకు తెగిన బ్లేడును అతుకుట లాభము. శ్రాంతిచే విరిగినదైనచో, విరిగినచోట ఒక్కటే పగులున్నదని తలపరాదు. భూతద్దముతో చూచినచో ప్రక్క గుంటలలో పది పగుళ్ళు కనబడును. అట్టిది అతికిన గంటకే మఱియొకచోట తెగును.

విరిగిన తీరు యంత్రపు రోగమును కూడ చెప్పును. పగుళ్ళు పంటివైపు గాక వీపువైపు మొదలైనచో, బ్లేడు వీపు దానిని దారిలో నిలుపు గైడు రోలరు అంచునకు ఒరసికొనుచున్నదని గ్రహించి, ఆ ఎడమును సరిచేయవలెను. పండ్ల వంపు ఒక్క ప్రక్కనే నలిగిపోవుచున్నచో చక్రములపైని రబ్బరు బెల్టు అరిగి పలుచనై, పండ్లు ఇనుప చక్రమునకు తగులుచున్నవని అర్థము. క్రొత్త బ్లేడులు వరుసగా విరుగుచున్నపుడు బ్లేడు చేసినవానిని నిందించుటకు ముందు చక్రముల వాలును, బేరింగులను, బెల్టులను పరీక్షించుట న్యాయము.

గుండ్రని రంపముల చికిత్స వేఱు. వానిపండ్లకు టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలను వెండి కలిసిన టంకముతో అతికియుంతురు. 1920 ల దశకమున జర్మనీలో పుట్టిన ఈ పదార్థమును క్రుప్ సంస్థ వజ్రసమానమను అర్థము వచ్చునట్లు విడియా యను పేర విక్రయించెను. కార్బైడ్ పన్ను ఉక్కు కంటె పలు రెట్లు మన్నును, బ్లేడును దింపకయే చిన్న వజ్రపు చక్రముతో పదును పెట్టవచ్చును. కాని మేకు తగిలిన అది అరుగుటకు బదులు చిట్లును. చిట్లిన ముక్కను కరగించి తీసి క్రొత్తది అతుకుదురు. రంపపు పళ్ళెము వంగినచో సుత్తిపోటులతో దానిని చదును చేసి లోపలి బిగువును సరిదిద్దు పని మహాసూక్ష్మమైనది. ఆస్ట్రేలియా న్యూజిలాండులలో దానిని నేర్చినవానికి రంపవైద్యుడను వృత్తినామమే కలదు. గొలుసురంపమున సంగతి సరళము. అడ్డుకోతకు 30 డిగ్రీలుండు పంటి కోణమును నిలువుకోతకు 10 డిగ్రీలకు దింపి, మిక్కిలి చెడిన పంటికి సమానముగా మిగిలిన పండ్లన్నిటిని ఆకురాయితో దింపుటయే.

కార్బైడ్ పెళుసుదనమునకును ఉక్కు మెత్తదనమునకును నడుమ స్టెల్లైటు కలదు. కోబాల్టు క్రోమియముల ఈ మిశ్రలోహమును 20 వ శతాబ్దారంభమున అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన ఎల్వుడ్ హేన్స్ కనుగొనెను. దీనిని పంటి మొనపై కరగించి పోసి ఒరసినచో సిలికా గల ఉష్ణమండలపు కలపలను సైతము చాలసేపు కోయవచ్చును. హైస్పీడ్ ఉక్కు అంచును మెత్తని వీపునకు అతికిన ద్విలోహపు బ్లేడులును ఉన్నవి. వీని వెల అధికము. మేకులున్న దుంగలను కోయువానికి అవి దండుగ. శుభ్రమైన గట్టికలపను నిత్యము కోయువానికి లాభము.

మన దేశమున ఈ సంచార యంత్రములు విరివిగా కనబడకపోవుటకు చట్టము ఒక ముఖ్యకారణము. గోదావర్మన్ తిరుమల్పాడ్ వ్యాజ్యములో 1996 డిసెంబరు 12 న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు ప్రకారము అడవులలో ఏవిధమైన రంపపు మిల్లును నడుపుటయు అటవీయేతర కార్యమే యగును. కేంద్రప్రభుత్వ పూర్వానుమతి లేనిదే అది కూడదు. అడవులను చూచిన కన్నులకు ఈ కట్టడి సమంజసమే. కావున మన పట్టణముల సామిల్లులలో నిలువుగా తిరుగు వెడల్పైన బ్లేడు స్థిరముగ నుండగా, దుంగయే ట్రాలీ మీద దాని కడకు నడచివచ్చును. అయినను లోహశ్రాంతికి స్థిరయంత్రమనియు సంచారయంత్రమనియు భేదము లేదు. పంటిగుంటను గుఱించి పైన చెప్పిన దంతయు అచ్చటి బ్లేడునకును వర్తించును.

బ్లేడును తాకునపుడు మందపు తొడుగులు, కన్నులకు అద్దములు ఉండితీరవలెను. మూడు చుట్లుగా మడచి కట్టిన బ్లేడు కట్టు విప్పగానే పాము పడగ విప్పినట్లు విచ్చుకొనును. చేయి చాచి, ముఖమును ప్రక్కకు త్రిప్పి, ఇతరులను దూరముగ నిలిపి విప్పవలెను. నడచుచు బ్లేడు తెగినచో ఇంజను ఆపి, చక్రములు పూర్తిగ నిలుచువఱకు మూతను తెఱవరాదు. ఏ బ్లేడు ఎన్ని మారులు సానకు పోయినదో గుర్తించుటకు కొందఱు దాని వీపుపై రంగుగీతలు పెట్టుకొందురు. విరిగిన బ్లేడుల గీతలను లెక్కించిన కొలది తమ కలపకు ఏ బ్లేడు తగునో వారికే తెలియవచ్చును. తుదకు సానకును అతుకునకును పనికిరాని పట్టీని ముక్కలుగా త్రుంచి, పండ్లను ఒరసివేసి, బల్లల ఉపరితలమును గీకి నునుపు చేయు రేకులుగను, వంటింటి కత్తులుగను మలచుకొందురు. కత్తికి మాత్రము సాధారణ కార్బను ఉక్కు బ్లేడే పనికివచ్చును. ద్విలోహపు బ్లేడులో గట్టి ఉక్కు పండ్ల అంచునందే యుండుటచే, పండ్లను ఒరసివేసిన పిమ్మట మిగులు వీపునకు పదును నిలువదు.